బుల్లెట్టు మీద అరకు ప్రయాణం

మా విజయనగరం ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక పాత బుల్లెట్టు మోటారు సైకిలు ఉన్నది. దాన్ని నేను 1988లో కొన్నాను. అప్పుడు నేను అరకు లోయలో ఒక ఆశ్రమ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. శనివారం మధ్యాహ్నం ఆ బండి మీద కొండ దిగి ఇంటికి వచ్చేవాణ్ణి. సోమవారం తెల్లవారుజామున మళ్ళీ కొండ ఎక్కేవాణ్ణి. ఇలా ఆరేళ్ళు తిరిగాను. ఆ తరవాత మైదానానికి బదిలీ అయింది, హెడ్మాస్టరునయ్యాను, 2019లో ఉద్యోగం నుంచి విరమించాను. బండి కూడా నాతోపాటే విరమించింది. షెడ్డులో పెట్టి పాత దుప్పటి కప్పాను. అంతే, మళ్ళీ దాని మొహం చూడలేదు.

పోయిన వేసవిలో మా అబ్బాయి, "నాన్నా, ఆ షెడ్డు ఖాళీ చేస్తే కారు పెట్టుకుంటాను. బండిని పాత ఇనుము కొట్టుకు ఇచ్చేద్దాం," అన్నాడు. వాడన్నదాంట్లో తప్పేమీ లేదు. కాని అప్పుడే అరకు నుంచి నాకొక ఫోను వచ్చింది. మాట్లాడినది ఒకప్పటి నా శిష్యురాలు. ఆవిడ ఇప్పుడు అదే పాఠశాలలో సైన్సు చెబుతున్నది. "మాస్టారూ, డిసెంబరులో మా పిల్లలకు సైన్సు ప్రదర్శన పెడుతున్నాం. మీరు రావాలి. బస్సులో కాదు, బుల్లెట్టు మీద రావాలి. ఆ చప్పుడు వినపడగానే మేమంతా వరసలో నిలబడేవాళ్ళం, జ్ఞాపకం ఉన్నదా?" అని అడిగింది.

ఈ సంగతి విని మా మనుమడు గంతులు వేశాడు. వాడు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. మా అబ్బాయి మాత్రం కాసేపు ఆలోచించి ఒక షరతు పెట్టాడు: "మీరు బండి బాగుచేసి, అరకు వెళ్ళి, దాని మీదే తిరిగి ఇంటికి వస్తే షెడ్డు దానిదే. దారిలో ఆగిపోయి ఇంకో వాహనంలో ఎక్కించుకు రావలసి వచ్చిందా, ఆ మర్నాడే ఇనుము కొట్టుకు పోతుంది. అరవై ఆరేళ్ళ వయసులో మీరు ఘాటులో నిలిచిపోతే నాకిక్కడ అన్నం సయిస్తుందా?" నేను సరేనన్నాను.

బండికి కొత్త బాటరీ వేయించాం. చక్రాలకు కొత్త టైర్లు, బ్రేకులకు కొత్త కేబుళ్ళు వేయించాం. టాంకులో మిగిలిన పాత పెట్రోలు పారబోసి, తుప్పు కడిగించాం. అయినా బండి స్టార్టు కాలేదు. కిక్కు కొట్టీ కొట్టీ నా మోకాలు నొప్పి పుట్టింది. దోషం ఎక్కడున్నదో నాకు తెలుసు. అది కార్బురేటరులో ఉన్నది.

కార్బురేటరు ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే మీరొక చిన్న ప్రయోగం చెయ్యండి. గ్లాసు నిండా నీళ్ళు పొయ్యండి. శీతల పానీయాలు తాగే గొట్టాన్ని రెండు ముక్కలు చెయ్యండి. ఒక ముక్కను నీళ్ళలో నిలువుగా పట్టుకుని, దాని పై కొన నీటికి కొంచెం పైన ఉండేలా చూడండి. రెండో ముక్కను అడ్డంగా పెట్టి, మొదటి దాని పై కొన మీదుగా గట్టిగా ఊదండి. నీళ్ళు గొట్టంలోకి పాకి, పైకి వచ్చి, తుంపరలుగా చెదిరి ఎదుటివాడి మొహాన పడతాయి. (ఎదుట ఎవరున్నారో ముందే చూసుకోండి.) వేగంగా పోయే గాలికి ఒత్తిడి తక్కువ. గ్లాసులోని నీటిని బయటిగాలి ఎప్పటిలాగే నొక్కుతూ ఉంటుంది గనక, ఒత్తిడి తగ్గిన గొట్టంలోకి నీరు ఎక్కుతుంది. ప్రవాహాల వేగానికీ ఒత్తిడికీ ఉన్న ఈ సంబంధాన్ని బెర్నూలీ అనే శాస్త్రజ్ఞుడు 1738లో అచ్చయిన తన గ్రంథంలో వివరించాడు.

కార్బురేటరులోనూ ఇదే జరుగుతుంది. ఇంజను గాలి పీలుస్తుంది. ఆ గాలి ఒక ఇరుకు దారిలోంచి వేగంగా పోతుంది. ఆ దారి కింద ఒక చిన్న గిన్నె ఉంటుంది, దానిలో పెట్రోలు. మేడ మీది నీళ్ళ టాంకులో బంతి తేలి కొళాయి మూసినట్టే, ఈ గిన్నెలోనూ ఒక తేలుడు బిళ్ళ ఉండి పెట్రోలు మట్టం పెరగకుండా చూస్తుంది. గిన్నెలోంచి సన్నని ఇత్తడి ముక్కుల ద్వారా పెట్రోలు పైకి లేచి, తుంపరయి, గాలిలో కలిసి ఇంజనులోకి పోతుంది. ఈ ముక్కులను మెకానిక్కులు జెట్లు అంటారు. ఒక పాలు పెట్రోలుకు సుమారు పదిహేను పాళ్ళు గాలి, తూకం ప్రకారం, కలిస్తే చక్కగా మండుతుంది. తూకంలో చూస్తే ఇది స్వల్పంగా కనపడవచ్చు. కాని గాలి ఎంత తేలికో మీకు తెలుసు గదా! ఒక్క లీటరు పెట్రోలు మండటానికి తొమ్మిది వేల లీటర్లకు పైగా గాలి కావాలి.

సరే, ఒక ఆదివారం ఉదయం పెరట్లో చాప పరిచి పని మొదలుపెట్టాం. పెట్రోలుతో పని ఎప్పుడూ ఆరుబయటే చెయ్యాలి. దగ్గర దీపం గాని, పొయ్యి గాని, అగ్గిపెట్టె గాని ఉండరాదు. పిల్లలు ఒంటరిగా అసలే చెయ్యరాదు. మా కోడలు ఇసుక బకెట్టు తెచ్చి మా పక్కన పెట్టి మరీ వెళ్ళింది.

మా మనుమడికి నేనొక పని అప్పజెప్పాను. ఊడదీసిన ప్రతి భాగాన్నీ నోటు పుస్తకంలో బొమ్మ గీసి, అది ఏ వరసలో ఊడిందో అంకె వెయ్యాలి. ఈ పద్ధతి నాకు ఎవరూ నేర్పలేదు. పూర్వం ఒక గోడ గడియారం విప్పి, మళ్ళీ బిగించినప్పుడు మూడు మరలు మిగిలిపోగా నేర్చుకున్నాను.

గిన్నె విప్పి చూస్తే అడుగున పచ్చటి కషాయం లాంటిది గడ్డకట్టి ఉన్నది. పెట్రోలు చాలాకాలం కదలకుండా ఉంటే తేలిక పదార్థాలు ఆవిరయిపోయి జిగురు మిగులుతుంది. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కూడా కలుపుతున్నారు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అంచేత బండిని నెలల తరబడి ఊరికే ఉంచదలచినవాళ్ళు ఆ గిన్నెను ఖాళీ చేసి ఉంచటం మంచిది. నేను చెయ్యలేదు.

జెట్లు రెండున్నవి. పెద్దదాని రంధ్రం ఒక మిల్లీమీటరు కూడా లేదు. చిన్నదానిది సూది బెజ్జం కన్నా సన్నం. మా మనుమడు చిన్నదాన్ని ఆకాశం కేసి ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు. ఏమీ కనపడలేదు. పూర్తిగా పూడిపోయింది. దుకాణంలో అమ్మే మందు కొట్టి నానబెట్టాం. సైకిలు పంపుతో గాలి కొట్టాం. విద్యుత్తు తీగలోంచి తీసిన సన్నని రాగి పోగును దూర్చి నెమ్మదిగా తిప్పాం. ఉక్కు తీగ వాడరాదు. ఇత్తడి మెత్తనిది, రంధ్రం పెద్దదయిపోతుంది. చీపురు పుల్ల పెడితే లోపల విరిగి కూర్చుంటుంది. రెండు గంటలు గడిచాయి. మళ్ళీ ఆకాశం కేసి ఎత్తి చూశాడు మావాడు.

"తాతయ్యా! ఆకాశం కనిపిస్తోంది! నీలం చుక్క!" అని కేక పెట్టాడు. వాడి తరవాత నేనూ, నా తరవాత మా కోడలూ, అందరం ఆ నీలం చుక్కను చూశాం.

ఇక పై భాగం విప్పాం. అక్కడ ఒక స్తంభం లాంటి కవాటం ఉంటుంది. మనం హాండిలు పిడి తిప్పితే కేబులు దాన్ని పైకి లాగుతుంది. కవాటానికి కింద ఒక పొడుగాటి సూది వేలాడుతూ ఉంటుంది. ఆ సూది పెద్ద జెట్టు దారిలో దిగి ఉంటుంది. పైకి లేచినకొద్దీ దారి తెరుచుకుని పెట్రోలు ఎక్కువగా వస్తుంది. సూది తలకు అయిదు గాట్లుంటాయి. ఏదో ఒక గాటులో ఒక చిన్న క్లిప్పు పట్టుకుని ఉంటుంది. క్లిప్పు పై గాటులో ఉంటే సూది కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది. కింది గాటులో ఉంటే సూది పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది.

నేను సూదిని తుడుస్తూ ఉండగా ఆ క్లిప్పు చిటుక్కున ఎగిరి ఎక్కడో పడిపోయింది. మినప గింజంత వస్తువు! చాప దులిపాం, గడ్డి వెతికాం. చివరకు మావాడు సైన్సు పెట్టెలోంచి అయస్కాంతం తెచ్చి నేలంతా తిప్పితే తులసికోట పక్కన దొరికింది.

దాన్ని తిరిగి పెడుతూ అడుగు నుంచి మొదటి గాటులో నొక్కాను.

"తాతయ్యా, అది మూడో గాటులో ఉండేది. నేను గీసుకున్నాను," అన్నాడు మావాడు.

"కాదురా. ఈ బండికి ఎప్పుడూ అడుగు గాటే. నాకు తెలుసు," అన్నాను.

"పుస్తకంలో చూడండి తాతయ్యా—"

"ముప్ఫయి ఏళ్ళు నడిపినవాణ్ణి, నాకు నేర్పుతావా?" అన్నాను, కొంచెం గట్టిగానే.

వాడు పుస్తకం మూసేశాడు. ఆ రోజంతా మళ్ళీ ఒక్క ప్రశ్న అడగలేదు. తరగతి గదిలో అలా మూసుకున్న పుస్తకాలను నేను ఎన్నో చూశాను. అయినా ఆ క్షణాన నాకు తోచలేదు.

బండి మాత్రం స్టార్టయింది. పద్నాలుగో కిక్కుకు గట్టిగా దగ్గి, ఆగి, మళ్ళీ కొడితే అందుకున్నది. ఆ చప్పుడుకు ఎదురింటి వాళ్ళు బయటికి వచ్చారు. గొట్టం నుంచి పొగ నల్లగా వచ్చింది. "ఆరేళ్ళ మసి, పోతుంది," అన్నాను. ఆ తరవాత తనిఖీకి బండిని తీసుకుపోయి రిజిస్ట్రేషను పొడిగించుకోవటానికీ, భీమా కట్టటానికీ ఒక నెల పట్టింది. పొగ పరీక్షలో కూడా నెగ్గింది. అది చూసి నా గర్వం ఇంకా పెరిగింది. ఆ పరీక్ష ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా చేస్తారనీ, అప్పుడు చిన్న జెట్టే పని చేస్తుంది గాని సూదికి దాదాపు పనే ఉండదనీ నేను ఆలోచించలేదు.

డిసెంబరులో ఒక శనివారం, ఆరు గంటలకు, ఇద్దరం తలకు హెల్మెట్లు, మెడకు మఫ్లర్లు బిగించి బయలుదేరాం. ప్రదర్శన పదకొండింటికి. దూరం సుమారు వంద కిలోమీటర్లు.

విజయనగరం దాటితే గంట్యాడ దాకా రెండు వైపులా కోసిన వరి మళ్ళు, కుప్పలు. మంచు ఎంత దట్టంగా ఉన్నదంటే తాటిచెట్లకు మొదళ్ళు ఉన్నవి గాని తలలు లేవు. ఆ ప్రాంతాన్నే తాటిపూడి జలాశయం ఉన్నది. దానికి నీరు తెచ్చేది గోస్తనీ నది. ఈ గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా ప్రవహించి, కిందికి దిగి వస్తుంది. ఆ నది దిగే కొండల పైకే మేము ఎక్కబోతున్నాం. శృంగవరపుకోటలో ఇడ్లీలు తిన్నాం. ఆ ఊరి పేరు పలకటం పొడుగని అందరూ ఎస్‌.కోట అంటారు, అదీ బరువనిపిస్తే ఉత్త కోట అంటారు.

బొడ్డవర దాటాక కొండలు దగ్గిరకు వచ్చాయి. ఘాటు రోడ్డు మొదలయింది. అరకు వెళ్ళే రైలు కూడా ఈ కొండల్లోనే ఎక్కుతుంది. కొత్తవలస నుంచి కిరండోలు దాకా పోయే ఆ రైలు మార్గాన్ని 1960 తరవాతి సంవత్సరాలలో వేశారు. బస్తరులోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చి, జపానుకు ఎగుమతి చెయ్యటం దాని ముఖ్యోద్దేశం. యాభైకి పైగా సొరంగాలున్నవి. మేము ఒక మలుపులో ఆగి చూస్తుండగానే ఎదుటి కొండలో ఒక గూడ్సు రైలు సొరంగంలోంచి బయటికి వచ్చి, మెల్లిగా పాకి, ఇంకో సొరంగంలో దూరింది. మావాడు పెట్టెలు లెక్కపెట్టటం మొదలుపెట్టి, తల ఒక సొరంగంలోనూ తోక ఒక సొరంగంలోనూ ఉండటం చేత లెక్క తప్పిపోయాడు. ఆ దారిలోని శిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్నది. కాశ్మీరులో రైలు వెయ్యక పూర్వం మన దేశపు బ్రాడ్‌గేజి స్టేషన్లలో అదే అన్నిటి కన్న ఎత్తయినదిగా పేరు పొందింది.

త్యాడ దాటాం. డముకు దగ్గర మంచు విడి ఎండ వచ్చింది. కింద లోయంతా పాలగిన్నె లాగా కనిపించింది. నా మనసులో మాత్రం సుఖం లేదు. బండి బరువుగా లాగుతున్నది. మూడో గేరులో ఎక్కవలసిన చోట రెండో గేరు అడుగుతున్నది. వెనక్కి చూస్తే నల్లటి పొగ. మా వెనక వచ్చే ఆటోవాడు ముక్కు మూసుకుని దాటిపోయాడు. అనంతగిరి దాటి, కాఫీ తోటల మధ్య ఒక నిటారు మలుపులో, బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

టైము తొమ్మిదిన్నర. కిక్కు కొట్టాను. పది, పదిహేను, ఇరవై. అందుకోలేదు. కోతులు పిట్టగోడ మీద కూర్చుని మమ్మల్ని చూస్తున్నాయి.

ఇంతలో కిందికి పోతున్న ఒక వ్యాను ఆగింది. వెనక ఖాళీగా ఉన్నది. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏటి మాస్టారూ, బండి మొరాయించేసిందా? ఎక్కించీమంటారా? కోటలో మెకానిక్కు కాడ దింపేస్తాను. రెండువేలు ఇప్పించండి, చాలు," అన్నాడు.

మంచివాడే. దిగి వచ్చి బండికి ఒక చెయ్యి కూడా వేశాడు. నేను మావాడి కేసి చూశాను. వాడు నేల కేసి చూస్తున్నాడు. వ్యానులో ఎక్కిస్తే ఏమవుతుందో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. వాడి చొక్కా జేబులోంచి ఆ నోటు పుస్తకం అంచు కనిపిస్తున్నది. నెల క్రితం మూసిన పుస్తకం! దాన్ని వెంట తెచ్చాడు గాని, తెరవలేదు. నేను అడగకుండా తెరవడు కూడా.

"ఒక అరగంట చూస్తాం, నాయనా. నీ దారిన నువ్వు వెళ్ళు," అన్నాను డ్రైవరుతో. వ్యాను వెళ్ళిపోయింది. అది మలుపు తిరిగాక, "ఒరే, ఆ క్లిప్పు ఏ గాటులో ఉండేదో నీ పుస్తకం తీసి చూడరా," అన్నాను.

వాడు పేజీ తెరిచి నాకిచ్చాడు. సూది బొమ్మ. అయిదు గాట్లు. మూడోదాని దగ్గర బాణం గుర్తు, పక్కన అంకె, తేదీ. దాన్ని చూడగానే నాకొక పాత సంగతి జ్ఞాపకం వచ్చింది. అడుగు గాటు ఈ బండిది కానే కాదు. దీనికి ముందు నాదగ్గర వేరే కంపెనీ బండి ఒకటి ఉండేది. అది దానిది. ముప్ఫయి ఏళ్ళు నడిపాననే ధీమాలో రెండు బళ్ళనూ కలిపేశాను.

"తప్పు నాదేరా. ఆవేళ నువ్వు చెప్పింది నిజం," అన్నాను.

వాడేమీ అనలేదు. వెంటనే హెల్మెట్టు తీసి పక్కన పెట్టి, "ముందు ప్లగ్గు చూద్దాం తాతయ్యా," అన్నాడు.

ఇంజను చల్లారనిచ్చి ప్లగ్గు విప్పితే కాటుక పెట్టినట్టు నల్లగా, పొడిగా ఉన్నది. పెట్రోలు ఎక్కువయి, గాలి చాలక, సగం మండి మసి కట్టింది. గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో రుద్దాం.

ఇది ఇంటి దగ్గర ఇంత ముదరకుండా ఇక్కడే ఎందుకు ముదిరింది? దీనికి రెండు కారణాలు. ఊళ్ళో పిడి కొంచెమే తిప్పుతాం, సూది అట్టే లేవదు. ఘాటులో గంటసేపు పిడి సగం దాకా తిప్పి పట్టుకోవాలి. అది సూది పరిపాలించే భాగం. రెండోది, ఎత్తు. వెయ్యి మీటర్ల ఎత్తున గాలి సముద్ర తీరాన ఉన్నదాని కన్న పదో వంతు పలచన. బుల్లెట్టు ఇంజను ఒక్కొక్క గుక్కకు 346 ఘన సెంటీమీటర్ల చోటు నింపుకుంటుంది. కొండ మీద కూడా చోటు అంతే, కాని దానిలోకి వచ్చే గాలి బరువు తక్కువ. పెట్రోలు ఆ లెక్కన తగ్గదు. అంటే కింద ఎక్కువగా ఉన్న పెట్రోలు పైకి పోయినకొద్దీ ఇంకా ఎక్కువయిందన్నమాట.

"అయితే తాతయ్యా, మూడో గాటు సరిపోతుందా, రెండోదా?" అని అడిగాడు మావాడు. నెల తరవాత మొదటి ప్రశ్న! నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. కొండ మీదే ఉండిపోయేవాళ్ళకు రెండోది బాగుండవచ్చు. మేము సాయంత్రం మళ్ళీ కిందికి దిగాలి. పెట్రోలు మరీ తగ్గినా ప్రమాదమే, ఇంజను వేడెక్కిపోతుంది. అందుచేత మూడో గాటే అని ఇద్దరం నిశ్చయించాం.

పెట్రోలు కొళాయి కట్టేసి, కార్బురేటరు మూత చేత్తో తిప్పి, కవాటాన్ని పైకి లాగాం. గిన్నె విప్పనక్కరలేదు. ఈసారి మావాడు తన మఫ్లరు తీసి కింద పరిచి, రెండు కొనలూ నా మోకాళ్ళకు కట్టాడు. ఊయెల లాగా ఉన్నది. క్లిప్పు మళ్ళీ ఎగిరింది. మఫ్లరులో పడింది. వాడు మునివేళ్ళతో తీసి మూడో గాటులో నొక్కాడు. నా వేళ్ళు వణుకుతున్నవి, చలికే అనుకోండి.

ఏడో కిక్కుకు బండి అందుకున్నది. కాస్త పొగ వచ్చి తేరిపోయింది. మావాడు వెనక నిలబడి పొగ కేసి చూసి, "తెలుపు కూడా లేదు తాతయ్యా! ఏమీ లేదు!" అని అరిచాడు. కోతులు పారిపోయాయి.

ఆ తరవాత దారి ఎలా గడిచిందో తెలియలేదు. గాలికొండ దగ్గర గాలి పేరుకు తగ్గట్టు మమ్మల్ని పక్కకు నెట్టింది. ఎత్తయిన సిల్వరు ఓకు చెట్లు, వాటికి ఎగబాకిన మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. కాఫీ పళ్ళు ఎర్రగా పండి ఉన్నవి. బుట్టలు వీపున కట్టుకుని ఆడవాళ్ళు కోస్తున్నారు. నేను ఇక్కడ ఉద్యోగం చేసే రోజుల్లో ఈ కాఫీని గురించి బయట ఎక్కువమందికి తెలియదు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సుంకరమెట్ట దాటి లోయలోకి దిగుతుంటే పొలాల నిండా వలిసె పూలు, పసుపు ఆరబోసినట్టు. పంట చివరికి వచ్చింది గనక అక్కడక్కడా వాడినవి. మావాడు ఆపమన్నాడు. నేను ఆపలేదు. పదకొండు దాటిపోయింది మరి.

పాఠశాల చేరేసరికి పదకొండుంబావు. గేటు దగ్గర పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. చప్పుడు ముందే విన్నారట. వాళ్ళ పక్కన వాళ్ళ టీచరు కూడా చేతులు కట్టుకుని వరసలోనే నిలబడింది. అది చూసి నాకు నవ్వూ వచ్చింది, గొంతూ పట్టుకున్నది.

ఉపన్యాసం నేను ఇవ్వలేదు. మావాడే గ్లాసూ గొట్టాలూ పెట్టి ప్రయోగం చేసి చూపించాడు. సూది బొమ్మ నల్లబల్ల మీద గీశాడు. దారిలో జరిగినది కూడా చెప్పాడు, మా తాతయ్య మరిచిపోయాడని కాక, "మేము క్లిప్పు తప్పు గాటులో పెట్టాం," అని. నేను లేచి, "పెట్టింది నేను, చెప్పింది వాడు," అన్నాను. పిల్లలు గొల్లున నవ్వారు.

ఒక చిన్న అమ్మాయి లేచి, "కొండ ఎక్కుతున్నామని బండికే తెలిస్తే అదే పెట్రోలు తగ్గించుకోవచ్చు గదా?" అని అడిగింది. ఎంత మంచి ప్రశ్నో చూడండి! ఇప్పుడు సరిగ్గా అదే జరుగుతున్నది. 2020 ఏప్రిలు 1 నుంచి మన దేశంలో పొగను గురించిన కొత్త నిబంధనలు వచ్చాయి. అప్పటి నుంచీ తయారయ్యే మోటారు సైకిళ్ళలో కార్బురేటరు దాదాపు లేనట్టే. గాలి ఒత్తిడినీ వేడినీ కనిపెట్టే పరికరాలుంటాయి. ఒక చిన్న కంప్యూటరు లెక్క చూసి, కావలసినంత పెట్రోలునే చిమ్ముతుంది. ఆ మాట చెబితే ఆ అమ్మాయి, "అయితే దాన్ని విప్పి చూడటం కుదరదా?" అని దిగులుగా అడిగింది. అప్పుడు పిల్లలంతా బయటికి వచ్చి మా బండి చుట్టూ మూగారు. కార్బురేటరు మూత పదిసార్లు విప్పీ బిగించీ చూపించవలసి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో వలిసె పూల దగ్గర ఆపాను. ఘాటు దిగేటప్పుడు ఇంజను ఎక్కడా తప్పటడుగు వెయ్యలేదు. కోటలో టీ తాగుతుంటే పొద్దుటి వ్యాను డ్రైవరు కనిపించి, బండి చుట్టూ తిరిగి చూసి, "నడిచీసిందా!" అన్నాడు. ఆ టీ డబ్బులు తనే ఇచ్చాడు.

ఇల్లు చేరేసరికి ఏడయింది. మా అబ్బాయి గేటు దగ్గరే ఉన్నాడు. "దారిలో ఎక్కడా ఆగలేదు గదా?" అని అడిగాడు. నేనూ మనుమడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"ఆగాం. మూడు పావుగంటలు," అన్నాను.

"మరి ఎవరు బాగుచేశారు?"

మావాడు జేబులోంచి పుస్తకం తీసి వాళ్ళ నాన్న చేతిలో పెట్టాడు. మా అబ్బాయి వీధి దీపం కింద నిలబడి ఒక్కొక్క పేజీ తిప్పుతూ చాలాసేపు చూశాడు. తరవాత పుస్తకం తిరిగి ఇచ్చేసి, షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచి, బండిని తనే లోపలికి తోశాడు.